ఐడెల్లా మూకుడు

లెస్టర్ ఇనప మూకుడుని వెండెల్ హార్గిస్ దొంగిలించాడు. ఇందులో విచారించాల్సిందేమీ లేదు.

మంగళవారం పొద్దున వెండెల్ నిచ్చెన వేసుకుని లెస్టర్ కాపురముండే ట్రైలర్ బండి పైకప్పుకి తారు పూశాడు. ట్రైలర్లు బాగుచెయ్యడం వెండెల్ వృత్తి. కారే చోటు లోపలినుంచి చూడాలంటూ వంటగదిలోకి వచ్చాడు. పొయ్యి మీది మూకుడు వంక చూసి, కాడ మీదున్న నొక్కుని వేలితో తడిమాడు. గురువారానికి మూకుడు లేదు.

పోతే పోయిందిలే అనుకునే వస్తువు కాదది. లెస్టర్ భార్య ఐడెల్లాది. ఇల్లు అమ్మేసి, పికప్ ట్రక్కు వెనక ట్రైలర్ తగిలించుకుని ఇద్దరూ రోడ్డెక్కాక, ఏదో సంతలో దొరికిందంటూ ఆవిడ తెచ్చింది. లెస్టర్ ఊరూరా కత్తులకు సాన పట్టేవాడు. ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ళని కబుర్లలో పెట్టేది. ఆవిడ పోయి రెండేళ్ళు. లెస్టర్ ఒక్కటే వండటం నేర్చుకున్నాడు, ఆ మూకుడులో మొక్కజొన్న రొట్టె. అది కాలుతున్నంతసేపూ ట్రైలర్లో ఇంకో మనిషి తిరుగుతున్నట్టే ఉండేది.

ఐడెల్లా నియమాలు రెండు. మూకుడు అడుగు గీకకూడదు, రుచి పోతుంది. ఏ మకాం నుంచైనా తెల్లారకముందే బయలుదేరాలి, దారి ఖాళీగా ఉంటుంది. లెస్టర్ ఆ రెండూ ఇవాళ్టికీ తప్పలేదు.

శుక్రవారం వెండెల్ కత్తి పట్టుకుని వచ్చాడు.

"నిన్ననే కదయ్యా సాన పట్టి ఇచ్చావు. టమాటా కూడా తెగడం లేదు."

"కొనుక్కున్న టమాటా అయితే తెగుతుంది," అన్నాడు లెస్టర్.

వెండెల్ ఏదో చెప్పబోయి, కత్తి తీసుకుని వెళ్ళిపోయాడు. దొంగకి నోరెక్కడ లేస్తుంది?

శనివారం మధ్యాహ్నం విందు. ఆ చలికాలానికి అరిజోనా ఎడారిలో మకాం వేసిన ముప్పై ట్రైలర్ల వాళ్ళూ తలా ఒక వంటకం తెచ్చుకుని ఒకే బల్ల దగ్గర తింటారు. ఆ పొద్దున వెండెల్ అటు చివర నోరీన్ ట్రైలర్ పైకప్పు మీద ఉన్నాడు. లెస్టర్ నడుచుకుంటూ వెళ్ళి, వెండెల్ ట్రైలర్ పక్కనున్న సామాను అరకి తన తాళంచెవే పెట్టి తిప్పాడు. తెరుచుకుంది. దుప్పటి కింద మూకుడు, కాడ మీద అదే నొక్కు. కోటులో దాచుకుని వచ్చి, పిండి కలిపి పోసి, నేరుగా ఓవెన్లో పెట్టాడు.

విందుకి అతను వేడి మూకుడు మీద గుడ్డ కప్పి తెచ్చాడు. రెండో చేత్తో నీలం రంగు కాఫీ కెటిల్ తెచ్చాడు. అది కూడా ఐడెల్లాదే.

"ఏం లెస్టరూ, పెళ్ళికొడుకులా గడ్డం గీసుకొచ్చావు," అంది నోరీన్. డెబ్బై ఏళ్ళ మనిషి, ఎవర్నీ వదలదు. "నాకోసమేనా?"

"దొంగ దొరికిన రోజు కదా, కాస్త శుభ్రంగా ఉందామని."

"దొంగెవరు బాబూ, మా పక్కన కూర్చోలేదు కదా?"

లెస్టర్ గుడ్డ తీశాడు. "వెండెల్‌ని అడుగు. ఇది నా ఐడెల్లా మూకుడు. ఆయనగారి అరలో, దుప్పటి కింద దొరికింది."

తలలన్నీ వెండెల్ వైపు తిరిగాయి. వెండెల్ చిక్కుళ్ళ పళ్ళెం కింద పెట్టాడు.

"నా అరకి తాళం వేసి ఉంది కదయ్యా. ఎలా తీశావు?"

"నా తాళంచెవితో. మన ట్రైలర్లు చేసేవాళ్ళు అరలన్నిటికీ ఒకటే రకం తాళం బిగిస్తారు. రోడ్డెక్కిన మొదటి ఏడే ఐడెల్లా కనిపెట్టింది. ఆవిడ బుర్రే బుర్ర."

నోరీన్ చెంచా నోటిదాకా వెళ్ళి ఆగింది.

లెస్టర్ పళ్ళెం ముందుకి లాక్కున్నాడు.

"లెస్టర్, తిరగెయ్యకు," అన్నాడు వెండెల్ మెల్లగా. "రొట్టె అందులోనే కోసుకుందాం."

"ఐడెల్లా ఎప్పుడూ తిరగేసే పెట్టేది."

"వద్దన్నానుగా. మూకుడు నువ్వే ఉంచుకో. దొంగని నేనే. ఒప్పుకుంటున్నా, సరేనా?"

"విన్నారుగా," అని లెస్టర్ మూకుడుని పళ్ళెంలో బోర్లించాడు.

రొట్టె విరక్కుండా దిగింది. మూకుడు అడుగు పైకి తేలింది. ఎవరో దాని మసంతా గీకి గీకి నున్నగా చేశారు. మధ్యలో ఉలితో చెక్కిన అక్షరాలు ఎండలో మెరుస్తున్నాయి.

'ఓపల్ హార్గిస్‌కి పెళ్ళి కానుక, 1951.'

"మా అమ్మ," అన్నాడు వెండెల్, తనే తప్పు చేసినట్టు. "తొమ్మిదేళ్ళ కిందట యూమా ఊరి దగ్గర మకాంలో మాయమైంది ఈ మూకుడు. అర తాళం వేసింది వేసినట్టే ఉంది. లేచి చూసేసరికి పక్క ట్రైలర్ చోటు ఖాళీ. వాళ్ళెవరో ఈ మంగళవారం దాకా తెలీలేదు. చనిపోయిన మనిషి, నీతో ఎలా అంటాను?"

నోరీన్ నీలం కెటిల్ వంకే చూస్తోంది.

"లెస్టర్," అంది. "దాన్ని కూడా ఒకసారి తిరగేస్తావా?"

మర్నాడు తెల్లారకముందే లెస్టర్ బయలుదేరాడు. దారి ఖాళీగా ఉంది. మూకుడూ కెటిలూ బల్ల మీదే ఉండిపోయాయి.

వెండెల్‌ని అతను ఇప్పటికీ క్షమించలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పడు.