రెఫరీ అంటే చాలు

"మేడమ్ అనొద్దు, సిస్టర్ అనొద్దు. రెఫరీ అంటే చాలు," అందామె గది తలుపు దగ్గరగా వేస్తూ. "నేను మిమ్మల్ని కోచ్ గారూ అంటాను, వీళ్ళని కెప్టెన్ అంటాను. బయట ఎవరు ఎవరైనా, తెల్లగీత లోపల అంతే."

"సరే మేడమ్," అని ఎరుపు జట్టు కెప్టెన్ నాలుక కరుచుకున్నాడు. నీలం జట్టు కెప్టెన్ కిసుక్కున నవ్వాడు.

ఆమెకూ నవ్వొచ్చింది గానీ బిగబట్టుకుంది. కొత్తగా పెళ్ళయిన మనిషి. ఈమధ్య ఆమెకు ప్రతిదానికీ నవ్వే వస్తోంది. పొద్దున్న మొగుడు ఆమె రెఫరీ చొక్కా తానే ఇస్త్రీ చేస్తానని పట్టుబట్టి, ఒక చేతికి రెండు మడతలు పడేసి, ఇప్పుడు ఇదే ఫ్యాషనని బుకాయించాడు. మళ్ళీ ఇస్త్రీ చేసుకునే టైమున్నా ఆ మడతలతోనే వచ్చేసింది. దారి పొడవునా వాటిని చూసుకుని మురిసిపోతూనే ఉంది.

ఈ గదిలోకి అడుగుపెట్టాక మాత్రం ఈల తాడును వేలికి చుట్టడం, విప్పడం మొదలుపెట్టింది.

గ్యాలరీ మెట్ల కిందున్న ఇరుకు గది అది. తడి జెర్సీల వాసన, నొప్పుల నూనె వాసన కలిసి ముక్కు పట్టేస్తున్నాయి. ఒక బెంచీ మీద నీలం జట్టు కోచ్, కెప్టెన్. ఎదుటి బెంచీ మీద ఎరుపు జట్టు కోచ్, కెప్టెన్. తలుపు పక్కన జెండా పట్టుకుని లైన్స్‌మన్. అసలు రావలసిన రెఫరీకి తెల్లారేసరికి జ్వరం తగిలింది. బదులుగా ఎవరు వస్తున్నారో ఫుట్‌బాల్ సంఘం వాళ్ళు రెండు జట్లకూ ముందే చెప్పి, అభ్యంతరముంటే ఆట వాయిదా వేస్తామన్నారు. నీలం కోచ్ వెంటనే లేదన్నాడు. ఎరుపు కోచ్ కాసేపాగి లేదన్నాడు.

ఎరుపు జట్టుకు ఈ ఆట చావో రేవో. ఓడినా, ఆడకపోయినా కింది డివిజన్‌కి పడిపోతారు. పడితే జట్టునే ఎత్తేస్తామని దాన్ని పోషిస్తున్న మిల్లు యజమాని ముందే చెప్పేశాడు.

ఆమె చెప్పవలసినవి గబగబా చెప్పింది. ఏదైనా అడగాలంటే కెప్టెనే రావాలి, గుంపుగా మీదికి రావద్దంది. మోచేతులతో పొడిస్తే ఊరుకోనంది. పోయినసారి ఈ రెండు జట్లూ కొట్టుకున్న సంగతి తను విన్నానని, ఇంకోసారి వినదలచుకోలేదని అంది. కెప్టెన్లిద్దరూ నేల చూపులు చూశారు.

మిగిలింది ఒక్కటే. ఆటగాళ్ళంతా మోకాళ్ళ కింద దెబ్బ తగలకుండా షిన్‌గార్డులు కట్టుకున్నారనీ, ఒంటి మీద ఉంగరాలూ గొలుసులూ లేవనీ కోచ్ తన నోటితో రెఫరీకి చెప్పాలి. అది అయితేగాని ఆట మొదలుకాదు.

"అందరూ సరిగ్గా ఉన్నారు, రెఫరీ గారూ," అన్నాడు నీలం కోచ్.

ఎరుపు కోచ్ తలూపాడు. చూపు మాత్రం గోడ మీది చెమ్మ మరక మీదే ఉంది.

"తలూపితే చాలదు, కోచ్ గారూ. చెప్పాలి."

ఆయన మళ్ళీ తలే ఊపాడు.

లైన్స్‌మన్‌కు ఒళ్ళు మండింది. వేరే ఊరి నుంచి ఆ పూటే వచ్చాడు గానీ ఈ కోచ్ సంగతి చాలా విన్నాడు. ఈయనతో మీటింగంటే రెఫరీలు తలనొప్పి మాత్ర వేసుకుని వెళ్ళేవారట, అంత వాగుడు. అలాంటి మనిషి ఇవాళ మూగనోము పట్టాడు. ఆడ రెఫరీ అని బెట్టు చేస్తున్నాడనీ, వదలొద్దనీ ఆమె చెవిలో గొణిగాడు.

కోచ్ బదులు తను చెప్తానని ఎరుపు కెప్టెన్ లేచాడు. కుదరదంది ఆమె. బయట జనం ఈలలు, చప్పట్లు. ఆట మొదలు కావలసిన వేళ దాటుతోంది. ఇక ఆగేది లేదని, నీలం జట్టు గెలిచినట్టు ప్రకటించేయమని లైన్స్‌మన్ పైకే అనేశాడు.

"కాసేపు చూద్దాం, రెఫరీ గారూ," అన్నాడు నీలం కోచ్ మెల్లగా. "మాకేం తొందర లేదు."

కాళ్ళ దగ్గరికొచ్చిన గెలుపును వద్దంటున్న మనిషిని లైన్స్‌మన్ వింతగా చూశాడు.

ఆమె ఎరుపు కోచ్ ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఇంకోసారి అడగను, కోచ్ గారూ." చొక్కా చేతి మడతను వేళ్ళతో సాపు చేసుకుంది. "మీ వాళ్ళంతా సరిగ్గా ఉన్నారా?"

"చెప్పండి సార్," అన్నాడు కెప్టెన్ బతిమాలుతున్నట్టు. "జట్టు పోతుంది సార్."

ఎరుపు కోచ్ గోడ మీంచి చూపు తిప్పాడు. ఆమె ముఖం వైపు చూశాడు. వెంటనే తల దించుకుని ఆమె కాళ్ళ వైపు చూశాడు.

"మా వాళ్ళంతా సరిగ్గానే ఉన్నారు." అన్నాడు. "నీ బూటు లేసే ఊడింది. కట్టుకో, పడతావ్."



"విన్నారా?" లైన్స్‌మన్ ముఖం కందగడ్డయింది. "రెఫరీతో మాట్లాడే తీరేనా ఇది? పసుపు కార్డు తీయండి. ఇప్పుడు ఊరుకుంటే ఆటంతా నెత్తికెక్కుతాడు."

నీలం కోచ్ అటు తిరిగి జేబురుమాలు వెతుక్కుంటున్నాడు.

ఆమె చెయ్యి కార్డున్న జేబు వైపు పోలేదు. మోకాలి మీద కూర్చుని లేసు కట్టుకుంది. కట్టిన ముడి విప్పి మళ్ళీ కట్టింది. తల మాత్రం ఎత్తలేదు.

"పదండి, ఆట మొదలుపెడదాం," అంది నేల వైపే చూస్తూ.

పెళ్ళయ్యాక నాన్న ఆమెతో మాట్లాడటం ఇదే మొదలు.