ఈ కాల్ రికార్డవుతోంది

“మీరు మూడేళ్ళుగా క్రెడిట్ కార్డు బాకీలో మినిమమ్ మాత్రమే కడుతున్నారు మేడమ్. అది వడ్డీకే సరిపోతోంది. అసలు ఉన్నచోటే ఉంది.”

“ఆ సంగతి నాకు తెలియదనుకున్నారా?” అంది టైలరమ్మ, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని బాబిన్‌కు దారం చుడుతూ. “తెలిసే బ్యాంకుకు వెళ్ళాను. తక్కువ వడ్డీకి అప్పు పుడితే మీ బాకీ మీ మొహాన కొట్టి చేతులు కడుక్కుందామని. ఆదాయానికి రుజువు చూపించమన్నారు. నా ఆదాయం హ్యాంగర్లకు వేలాడుతోంది, వచ్చి చూసుకోండన్నాను. రాలేదు.”

అవతల అమ్మాయి గొంతులో నవ్వులాంటిదేదో బయల్దేరి మధ్యలో ఆగిపోయింది.

“ఈ కాల్ రికార్డవుతోంది మేడమ్.”

“అవనివ్వండి. నేనేం దొంగమాట చెప్పాను? అయినా అంత పెద్ద ఆఫీసులో నాకు ఫోను చెయ్యడానికి మీరు తప్ప ఇంకెవరూ దొరకలేదా?”

“లిస్టులో ఎవరి పేరొస్తే వాళ్ళకు చేస్తాం మేడమ్. ఎంచుకునే వీలు లేదు.”

ముందుగదిలో సగం ఎంబ్రాయిడరీ మిషనే ఆక్రమించింది. కార్డు గీకి కొన్నది. ఆ చేత్తోనే లైనింగు గుడ్డ, దారాలు, జిప్పులు కూడా గీకడం అలవాటైంది. ఇప్పుడు కుట్టుకూలిలో సగం వడ్డీయే మింగేస్తోంది. పక్కవీధి దర్జీ ఇప్పటికి రెండుసార్లు వచ్చి, మిషను చుట్టూ పెళ్ళిచూపులకొచ్చినవాడిలా తిరిగి, “అమ్మే ఉద్దేశముంటే చెప్పండక్కా” అని వెళ్ళాడు. మిషను పోతే ఆవిడ మళ్ళీ ఎవరి కొట్లోనో మూలన కూర్చుని కాజాలు కుట్టాలి. అది తలుచుకుంటే టైలరమ్మకు ఒళ్ళు మండుతుందే గానీ భయం వెయ్యదు.

“ఈ నెల డబ్బు ఎప్పుడు కడతారో చెప్పండి మేడమ్.”

“మళ్ళీ అదే పాట. వడ్డీ తగ్గించడం మీ చేతిలో లేదా?”

“నా చేతిలో లేదు.” ఆ అమ్మాయి ఒక్కో మాటా విడదీసి పలికింది. “ఇంకేమైనా అడగాలనుకుంటున్నారా మేడమ్?”

“అడగాలనే ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళతో కూడా మీరిలాగే మాట్లాడతారా?”

“ఇంట్లో ఇంకొంచెం గట్టిగా మాట్లాడతాను మేడమ్.”

“మీ అత్తగారు అదృష్టవంతురాలు.”

“ఆ సంగతి ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు మేడమ్.”

గుమ్మం దగ్గర పేపరు చదువుతున్న భర్త కళ్ళజోడు మీదుగా చూశాడు. “ఏమిటే ఆ అమ్మాయితో పంతాలు? కాస్త చూసుకుని మాట్లాడు. తర్వాత మనకే చుట్టుకుంటుంది.”

“మీరు పేపరు చదువుకోండి.” టైలరమ్మ బాబిన్ పక్కన పెట్టి, ఫోను చేత్తో పట్టుకుని నిటారుగా కూర్చుంది. “వినండి. నా బాకీ మొత్తం వాయిదాల్లోకి మార్చి, వడ్డీ తగ్గించమని అడుగుతున్నాను. మీ వల్ల కాకపోతే మీ పైవాళ్ళకివ్వండి.”

“మీరు అడిగారు కాబట్టి ఇవ్వక తప్పదు మేడమ్. లైన్లో ఉండండి.” ఈసారి ఆ గొంతులో హుషారు దాగలేదు.

కాసేపటికి ఓ బరువైన మగ గొంతు వచ్చింది. “చూడండమ్మా, మా పద్ధతులు మాకుంటాయి...”

“నాతో రోజూ పదిమంది కుట్టుకూలి దగ్గర బేరమాడతారు బాబూ. ఎంత దిగొచ్చో, ఎక్కడ ఆగాలో నాకు తెలుసు. మిషను అమ్మించి మీరు బావుకునేదేమీ లేదు. అది తిరిగితేనే మీకు డబ్బు.”

“నెలనెలా కడతారని నమ్మకమేమిటి?”

“స్కూలు యూనిఫాం జేబుల మీద బ్యాడ్జీలు కుట్టే పని ఒప్పుకున్నాను. సగం డబ్బు ముందే తీసుకున్నాను. ఇకమీదట అడ్వాన్సు ఇవ్వనిదే కొలతల టేపు మెళ్ళోంచి తియ్యను. గుడ్డయినా దారమైనా ఆ డబ్బుతోనే. మీ కార్డు ముట్టుకోను.”

కీబోర్డు టకటకలాడింది. నిట్టూర్పు వినిపించింది. మళ్ళీ టకటక.

“వడ్డీ సగానికి తగ్గిస్తాం. రెండేళ్ళ వాయిదాలు. ఇప్పుడు కడుతున్నదానికంటే కాస్త ఎక్కువ పడుతుంది, కాని నెలనెలా అసలు కూడా తరుగుతుంది. ఒక్క వాయిదా తప్పినా పాత వడ్డీయే. కార్డు మూసేస్తాం.”

“అది నేనే అడుగుదామనుకున్నాను.”

ఫోను మళ్ళీ అమ్మాయి చేతికి వచ్చింది. “కార్డు ముక్కలు చేసెయ్యండి మేడమ్. కత్తెర పక్కనే ఉంటుందిగా.”

“ఇది గుడ్డల కత్తెర. దీంతో ప్లాస్టిక్ కోస్తే పదును పోతుంది. ఆ మాత్రం తెలియదా?”

“తెలుసు మేడమ్. మర్చిపోయాను.”

భర్త లేచి వెళ్ళి వంటింటి కత్తెర తెచ్చిచ్చాడు. టైలరమ్మ ఫోను దగ్గరగా పెట్టుకుని, అంచు పట్టీ కోసినంత తిన్నగా కార్డును కోసింది.

“వినిపించిందా?”

“వినిపించింది మేడమ్. వాయిదా మర్చిపోతే మళ్ళీ నేనే చేస్తాను.”

“మీకా శ్రమ ఇవ్వను,” అని ఫోను పెట్టేసి ఆవిడ మిషను ముందుకు జరిగింది. పొద్దువాలేసరికి బ్యాడ్జీలతో బుట్ట నిండింది. కుట్టినంతసేపూ ఆవిడ కూనిరాగం ఆగలేదు.

గేటు చప్పుడైంది. చెప్పులు ఒకటటూ ఒకటిటూ పడ్డాయి. రోజంతా మాట్లాడి బొంగురుపోయిన గొంతు వసారాలోంచే మొదలైంది.

“మా సూపర్‌వైజరుతో మరీ అంత బేరమా అత్తయ్యా?” అంది కోడలు.