వీధి చివర చప్పుడు

“ఇంకొక్క కిక్కు!” అంది అక్క.

“నీదేం పోయింది, కాలు నాది కదా,” అన్నాడు తమ్ముడు. అన్నాడే గాని మళ్లీ కొట్టాడు. బండి ఒకసారి దగ్గింది, ఒకసారి తుమ్మింది, ఆ వెంటనే అందుకుంది. కాసేపు బాగానే ఆడింది. అక్క చప్పట్లు కొట్టబోయేలోగా ఎవరో గొంతు పిసికినట్టు ఆగిపోయింది.

“చచ్చింది మళ్లీ!”

నాన్న పోయినప్పటి నుంచి ఆ పాత బండి వసారాలో దుప్పటి కిందే ఉంది. నాన్న మందుల కంపెనీ తరఫున ఊళ్లు తిరిగేవాడు. ఎప్పుడు వెళ్తాడో ఎప్పుడొస్తాడో ఆయనకే తెలిసేది కాదు. కానీ వీధి చివర మలుపులో బండి మోత వినబడితే చాలు, అమ్మ చేతిలో పని చేతిలోనే వదిలేసి లేచేది. ఆయన స్టాండు వేసేసరికి గుమ్మంలో నిలబడి, చెంగుతో మొహం తుడుచుకుంటూ రొప్పుతుండేది. “నా చప్పుడు వింటే మా ఆవిడకి ఒంట్లో కరెంటు పుడుతుంది” అని నాన్న వీధంతా చెప్పుకునేవాడు.

ఆ అమ్మ జబ్బుచేసి పడిపోయాక నోరు విప్పలేదు. కూర్చోబెడితే కూర్చుంటుంది, పెడితే తింటుంది. పిలిస్తే పలకదు సరిగదా, చూడను కూడా చూడదు. మాట మీద ఆశ వదులుకోమన్నాడు డాక్టరు. అక్కకు అది మింగుడు పడలేదు. నాన్న బండి మోత వింటే అమ్మ తప్పకుండా పలుకుతుందని పట్టుబట్టి కూర్చుంది.

“బాబాయ్, చూస్తావేం? ఓ చెయ్యి వెయ్యి,” అంది.

బాబాయి అంటే బండ్లు బాగుచేసే మేస్త్రీ. పెరటి గోడ అవతలే ఆయన షెడ్డు. ఈ బండికి మొదటి నుంచీ వైద్యం ఆయనదే. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. పిల్లలకు నాన్న తర్వాత నాన్నంతటివాడు. అమ్మ మాత్రం ఆయన్ని “మేస్త్రీగారూ, మీరు” అని తప్ప పిలిచి ఎరగదు. అమ్మ పడిపోయాక రోజూ వచ్చి, కుర్చీ పక్కన కాసేపు కూర్చుని, మాటా పలుకూ లేకుండా వెళ్లిపోతున్నాడు.

“తుక్కమ్మా అది. దానికి ప్రాణం పోసి ఎవరిని ఉద్ధరించాలి?” అన్నాడు మేస్త్రీ.

“మా అమ్మని!”

మేస్త్రీ కాదనలేక గొంతుక్కూర్చుని ప్లగ్గు ఊడదీశాడు. ఇంజనుకి ఆనించి కిక్కు కొట్టిస్తే నీలంగా నిప్పు రాలింది. కరెంటుకు లోటు లేదు. కార్బురేటరు విప్పి కడిగాడు, సన్నటి దారుల్లో నోటితో గాలి ఊదాడు. బిగించాక మళ్లీ అదే తంతు. కాసేపు ఆడటం, గుటుక్కుమనడం.

“అసలు పెట్రోలుందా, తాగేశావా బాబాయ్?” అంటూ తమ్ముడు ట్యాంకు మూత తిప్పాడు. బుస్సుమంది.

“ఆగరా! ఆ బుస్సేమిటి?”

“పామనుకున్నావా? మూత తీశానంతే.”

“పెట్టకు. మూత లేకుండానే కొట్టు!”

ఒక్క కిక్కుకే అందుకుంది. ఈసారి ఆగలేదు. అక్క కళ్లు మెరిశాయి. మూత లాక్కుని వెలుతురులో తిప్పి చూసింది.

“దీని చిల్లు పూడిపోయింది! లోపలికి గాలి ఆడక పెట్రోలు దిగట్లేదు!”

పిన్నీసుతో పొడిస్తే మిరియపు గింజంత మట్టి ఊడిపడింది. మూత బిగించినా బండి ఆడుతూనే ఉంది.

“బాబాయ్, షెడ్డు తాళం అక్కకిచ్చెయ్!” అని తమ్ముడు గంతులేశాడు. మేస్త్రీ నవ్వాననిపించాడు.

అక్క ఒక్క క్షణం చెవి ఒగ్గి మొహం చిట్లించింది. “ఇది నాన్న బండి మోత కాదు. తుమ్మెద ఎగిరినట్టుంది. బాబాయ్, దుప్పటి కప్పేముందు నువ్వు మళ్లీ ఆ కొత్త సైలెన్సరు పెట్టావు కదూ?”

“అదే ఉండనీ తల్లీ. మెత్తగా ఉంటుంది.”

“నాన్న దీన్ని బిగించినప్పుడు అమ్మ చేసిన గొడవ మరిచిపోయావా? ‘ఆ మోత వినబడకపోతే నాకు ప్రాణం నిలవదు’ అని అన్నం మానేసింది. నాన్న మురిసిపోయి మర్నాడే పాతది పెట్టించాడు. ఆ పాతదే ఇప్పుడు అటక మీదుంది. ఒరేయ్, దించు!”

“గుండె అదిరిపోతుందమ్మా మీ అమ్మకి.”

“అదరాలనే కదా మన తంటా!”

పాత సైలెన్సరు బిగించారు. తమ్ముడు బండిని తోసుకుంటూ వీధి చివరికి పోయాడు. అక్క అమ్మ కుర్చీని వీధి గుమ్మం వైపు తిప్పింది. చేతులు తుడుచుకుని మెల్లగా జారుకోబోతున్న మేస్త్రీని జబ్బ పట్టుకుని అమ్మ పక్కనే కూలేసింది.

“ఇంత చేసి ఇప్పుడు పోతావా? కూర్చో బాబాయ్. అమ్మ మొదటి మాట నువ్వూ వినాలి.”

మలుపులో మోత మొదలైంది. ధడ్ ధడ్ ధడ్ మంటూ గోడలు అదిరేలా, అచ్చం నాన్న వస్తున్నట్టే.

అమ్మ వేళ్లు కదిలాయి. పాలిపోయిన బుగ్గల్లోకి రక్తం పొంగింది. బిగుసుకుపోయిన మెడ తిరిగింది. కుర్చీ చేతుల మీద బలం మోపి సగం పైకి లేచింది కూడా.

“అమ్మా! లేచావా అమ్మా! ఏదీ, మాట్లాడమ్మా!” అక్క ఆనందం పట్టలేక ఏడ్చేస్తోంది.

మోత గుమ్మం దాకా వచ్చింది. అమ్మ గుమ్మం వైపు చూడలేదు. పక్కనున్న మేస్త్రీ భుజం గట్టిగా పట్టుకుంది. పెదవులు వణికాయి. గొంతు బొంగురుగానే ఉన్నా మాట మాత్రం స్పష్టంగా వచ్చింది.

“వెనక తలుపున పో త్వరగా, ఆయన వచ్చేశారు!”