వేరుతో సహా

సిత్ వదాద్ కాగితాన్ని నిలువునా చింపి, రెండు ముక్కలూ జుమానా ముందు పెట్టింది.

"ఇది ఐరిస్ పువ్వా, ముక్కు తుడిచిన రుమాలా?"

జుమానా తల దించుకుంది. పొద్దుటినుంచీ మెడ ఎత్తకుండా గీసిన బొమ్మ అది.

"రేకు వెనక్కి తిరిగేచోట గీత తెగిపోయింది. కాడ నేలలోంచి లేచినట్టు లేదు, జిగురు పెట్టి అతికించినట్టుంది. నువ్వు దీన్ని చూళ్లేదు పిల్లా. పువ్వంటే ఇలా ఉంటుందిలే అనుకుని గీసేశావు. రేపు మళ్లీ."

"ఈ మొక్కే పెట్టుకుని ఇంకోసారి గీయనా సిత్?"

"వాడిపోయింది కదే! వాడిన పువ్వుని చూసి గీయడమంటే శవాన్ని ముందు పెట్టుకుని పెళ్లికూతురి బొమ్మ గీయడమే. కొత్తది తీసుకురా. వేరుతో సహా."

వదాద్ బేరూత్‌లో ఏళ్ల తరబడి వృక్షశాస్త్రం చెప్పి, ఈ కొండ ఊరికి తిరిగొచ్చిన మనిషి. ఊళ్లో అందరూ గౌరవంగా సిత్, అంటే అమ్మగారు, అని పిలుస్తారు. ఊరి పైన వాలులో నలుపు తిరిగిన ఊదారంగు ఐరిస్ పూస్తుంది. అది ఏ పుస్తకంలోనూ లేదని ఆవిడకు తెలుసు. కొండకు అవతలివైపు రాళ్ల క్వారీ రోజురోజుకీ దగ్గరకొస్తోంది. ఇది కొత్త జాతి అని రుజువు చేస్తే వాలు దక్కుతుంది. రుజువుకి ఫోటో చాలదు. రేకు మీది నూగు, ఆకు ఈనె, నేలలోని దుంప, కాయ లోపలి గదులు, అన్నీ చూపే బొమ్మ కావాలి. వదాద్ వేళ్లు వణుకుతాయి, మోకాళ్లు కొండెక్కనివ్వవు. అందుకే పక్కింటి జుమానాను పట్టుకుంది. ఆ పిల్ల కుట్టుపనిలో సూది తప్పదు.

మర్నాడు కొండదారిలో నాయెఫ్ లారీ ఆపాడు. క్వారీలో లారీ తోలే ఆయన జుమానాకు మేనమామ.

"ఏమే, ఇవాళ కూడా గడ్డి పీకడానికేనా?"

"గడ్డి కాదు మామయ్యా, ఐరిస్."

"మా మిషను కొండని మింగుతుంటే నువ్వు పెన్సిల్ అడ్డం పెడతావా? ఆ ముసలావిడకి పొద్దుపోదు, నీకేమో బుద్ధి లేదు."

జుమానా పైకి నడిచింది.

వదాద్ పాఠం పద్ధతిగా సాగింది, రోజుకో కొత్త మొక్కతో. మొదట ఒట్టి గీతలే, చెయ్యి ఎత్తకుండా. తర్వాత ఆకు, ఎదురుగా చూసి ఒకసారి, పక్కనుంచి ఒకసారి. ఆ తర్వాత నీడ, చుక్కలతో మాత్రమే. ప్రతి బొమ్మ మీదా ఎర్ర పెన్సిల్ తిరిగేది. పాఠం అయ్యాక ఆవిడ బ్లేడు తీసి దుంపని, కాయని నిలువుగా కోసి చూపించేది.

"లోపల ఏముందో తెలియకుండా బయట ఎలా గీస్తావు? చూడు. బాగా చూడు."

తర్వాత తుంపులన్నీ చెత్తబుట్టలోకి వెళ్లేవి.

జుమానా చెయ్యి కుదురుకుంటున్నకొద్దీ రాక ఆలస్యమవసాగింది. గోళ్ల నిండా మట్టి, మోచేతుల మీద ముళ్ల గీతలు.

"ఎండెక్కాక వస్తే పువ్వు సోలిపోదూ? ఎక్కడ తిరుగుతున్నావే?"

"వెతకాలి కదా సిత్."

"వెతక్కపోతే అదే నడిచొచ్చి నీ తలుపు కొడుతుందా? కూర్చో."

మాతే ఆకుల టీ తాగే సొరబుర్రలో వేడినీళ్లు పోసి, పీల్చే గొట్టం తిప్పి పిల్ల వైపు జరిపింది వదాద్. జుమానా తాగలేదు.

"సిత్, మీకో మాట చెప్పాలి..."

"బొమ్మ అయ్యాక."

"అది కాదు, ఆ పైన..."

"పైన మీ మామయ్య ఏమన్నాడో నాకొద్దు. బొమ్మ ఆగిపోతే నవ్వేది వాడే. ముందు చుక్కలు పూర్తి చెయ్యి."

జుమానా పెన్సిల్ తీసుకుంది.

ఆ సాయంత్రం వదాద్ ఎర్ర పెన్సిల్ పట్టుకుని బొమ్మ ముందు చాలాసేపు కూర్చుంది. భూతద్దం పెట్టి నూగు చూసింది. రేకు మడత వెంట వేలు పోనిచ్చింది. చివరికి పెన్సిల్ బల్ల మీద పడేసి జుమానా నుదురు ముద్దుపెట్టుకుంది.

"ఇదీ! ఇన్నాళ్లూ నేనడిగింది ఇదే. నా చేతులు బాగున్న రోజుల్లో కూడా ఇలా గీయలేదు పిల్లా."

జుమానా ఏడ్చేసింది. సంతోషమనుకుని వదాద్ వీపు నిమిరింది.

బొమ్మ రాజధానిలోని శాస్త్రవేత్తల దగ్గరికి వెళ్లింది. పూలకాలం ఇంకా ముగియకుండానే ఫోన్ వచ్చింది. మాట్లాడి పెట్టేసిన వదాద్ గోడ పట్టుకుని జుమానా ఇంటి గుమ్మం దాకా వచ్చింది. ఆయాసంతో మాట సరిగా రావడం లేదు.

"ఒప్పుకున్నారే! నీ బొమ్మ చూసి కొత్త జాతేనని ఒప్పుకున్నారు! రేపు అధికారులు వస్తున్నారు. నేలలో నిలబడి ఉన్న మొక్క ఒక్కటి కళ్లారా చూస్తే చాలట. అక్కడికక్కడే క్వారీ ఆపిస్తారట. నా మోకాళ్లు విరిగినా సరే, నేనూ ఎక్కుతాను. ఎటువైపు ఎక్కువ పూశాయో అటు తీసుకెళ్లు."

జుమానా గుమ్మంలోంచి కదల్లేదు.

"ఏమే, పలకవేం? మీ మామయ్య ఏమన్నా బెదిరించాడా?"

"లేదు."

"మరి?"

"మీరు మెచ్చుకున్న బొమ్మలోదే ఆఖరి మొక్క, సిత్."