ఊరందరి పనిముట్టు

మనవరాలు లాప్‌టాప్ తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "చదువు అమ్మమ్మా, ఎలా తిడుతున్నారో" అంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్ళ కోసం, తేదీల లెక్కలు చూసే చిన్న పనిముట్టొకటి తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చింది. నిన్నటి నుంచి అది సరిగ్గా నడవడం లేదు. ఇన్నాళ్ళూ మెచ్చుకుంటూ ఒక్క ముక్క రాసిన పాపాన పోని మహానుభావులంతా వరసగా దిగారు. బాధ్యత లేదా అని ఒకడు, చేతకానప్పుడు ఎందుకు రాశావని ఇంకొకడు.

"తీసి పారేస్తున్నా. ఇవాళ్టితో సరి" అంది.

"పారెయ్. ఏడుస్తూ ఊడిగం చెయ్యమని నిన్నెవరడిగారే? ముందు కాస్త తిను" అన్నాను.

పళ్ళెంతో తిరిగొచ్చేసరికి పిల్ల ఏడుపు మాని టకటకా టైపు చేస్తోంది. భుజం మీదుగా తొంగి చూశాను. ఇంకెవరో తయారుచేసిన పనిముట్టు పేజీ అది. "నిన్ననగా చెప్పాను. ఇంకా బాగుచెయ్యలేదంటే మీకసలు బాధ్యత ఉందా?" అని రాస్తోంది.

"ఎవరే ఆయన?"

"ఎవరో, నాకేం తెలుసు? నా పనిముట్టు ఈయన దాని మీదే ఆధారపడి నడుస్తుంది. అది చెడబట్టే నాదీ ఆగిపోయింది."

"జీతమెవరిస్తారు?"

"జీతమేంటి అమ్మమ్మా, అదీ ఉచితమే. ఉచితమైతే మాత్రం బాధ్యత ఉండొద్దూ?" అంటూ పంపేసింది.

పళ్ళెం ఖాళీ కాకముందే తెర మీద ఆయన జవాబొచ్చింది. "తీసి పారేస్తున్నాను. ఇవాళ్టితో సరి."

ఈసారి లాప్‌టాప్ నా ఒళ్ళోకి రాలేదు.