ఊరికే ఉంచితే

"ఊరికే ఉంచితే చచ్చిపోతోంది బాబూ!"

ముసలావిడ సంచీలోంచి జింకు బ్యాటరీ తీసి ల్యాబు బల్ల మీద పెట్టింది.

ప్రొఫెసర్‌కి ఒళ్లు మండింది. అంటుకోని, పేలని బ్యాటరీ కోసం లోపల కరెంటు దాచుకునే కొత్త క్యాథోడ్ పొడి కనిపెట్టేసరికి జుట్టు నెరిసిపోయింది. ఇవాళ ఆసుపత్రి ఇంజినీరు వచ్చి సంతకం పెడితే ప్రతి వార్డులోనూ తన బ్యాటరీయే. సరిగ్గా ఇప్పుడే దాపురించాలా ఈవిడ?

"నువ్వు అలిగినట్టు బ్యాటరీ అలగదమ్మా. నీళ్లు పోసుంటావ్."

"అయ్యో, పసిపిల్లలా చూసుకున్నాను. వాడినన్నాళ్లూ బ్రహ్మాండంగా పనిచేసింది. ఇప్పుడు మాకు దాంతో పని లేదు. ఇంకెవరికైనా పనికొస్తుందని నిండా ఛార్జి పెట్టి ఉంచాను. తీరా చూస్తే ఇలా!"

పక్కనున్న పరిశోధక విద్యార్థిని గొంతు సవరించుకుంది.

"సర్, మనం ర్యాకులో బ్యాటరీలని నింపుతూ, ఖాళీ చేస్తూనే ఉంటాం. నింపి ఊరికే ఎప్పుడూ ఉంచలేదు. ఒకసారి..."

"నీకూ ఈవిడ గాలి సోకిందా? ఊరికే ఉంచి కూర్చుంటే పేపర్లు మీ తాత రాస్తాడా?"



ప్రొఫెసర్ ముసలావిడకి గోడ మీది గ్రాఫు చూపించాడు.

"ఇదిగో, చూడు. ట్రయల్‌కని ఇళ్లకి ఇచ్చాం. ఈ ఇంట్లో ఆక్సిజన్ మిషన్ రాత్రీపగలూ మన బ్యాటరీ మీదే నడిచింది. బ్యాటరీ సత్తువ చూపే ఈ గీత చెక్కు చెదర్లేదు. నేను 'బంగారు ఇల్లు' అంటాను. వాడటమంటే అలా వాడాలి. నేర్చుకో!"

ట్రయల్ రిపోర్టు ముగిశాక ఆ గీత ఏమైందో ఆయన చూడలేదు. ఆ ఇంటి గడప ఏనాడూ తొక్కలేదు.

ముసలావిడ గ్రాఫు వంక చాలాసేపు చూసింది.

"బాబూ, ఆ ఇల్లు..."

"చాలు తల్లీ, దారి అటు."

"ఇంకొకరి ప్రాణం మీదికి రాకూడదనే వచ్చాను," అని ఆవిడ బ్యాటరీ అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

"పనీపాటా లేని జనం!" అన్నాడు ప్రొఫెసర్.

ఇంజినీరు వచ్చాడు. పెన్ను తీసి ఆగాడు.

"మా దగ్గర ఇవి నింపి పక్కన పెట్టుకునేవే సార్. కరెంటు పోతేనే వాడతాం. ఇబ్బందేం లేదుగా?"

ప్రొఫెసర్‌కి ముసలావిడ మాట ఈగలా చెవిలో గుయ్యిమంది. తోలేశాడు.

"నాదీ పూచీ. రిపోర్టులో మా బంగారు ఇల్లు చూశారుగా!"

సంతకం పడింది. కారు వెళ్లిపోయింది.

ప్రొఫెసర్ చేతులు దులుపుకున్నాడు.

"ఆ చెత్త తీసి అవతల పారెయ్."

విద్యార్థిని బ్యాటరీ ఎత్తి, అడుగు వైపు చూసి, దాన్ని ప్రొఫెసర్ వైపు తిప్పింది.

"సర్... ఆవిడ దీంతో పని లేదంటే ఎందుకు లేదో మనం అడగనే లేదు."

బ్యాటరీ అడుగున బంగారు రంగు నక్షత్రం, ఆ ఇంటి బ్యాటరీ కొలతలకి ల్యాబుకి వచ్చినప్పుడు ప్రొఫెసర్ తన చేత్తో అంటించిందే, ఇంకా తళతళలాడుతోంది; ఆ ఇంట్లో ఆక్సిజన్ అవసరమైన మనిషే ఇక లేడు.