అలలు పడని నాణెం

“నాణెం అంచు పట్టుకోండి పిన్నిగారూ. ముఖం మీద వేలి ముద్ర పడితే దాన్ని ఇంకెవరూ కొనరు.”

నాణేల వ్యాపారి ఎన్ని సార్లు చెప్పినా దర్జీ ఆవిడ చెవిన పడటం లేదు. ఆనకట్ట ప్రారంభోత్సవానికి గుర్తుగా వేసిన నాణేలను ట్రేలోంచి ఒక్కొక్కటే తీస్తోంది. గుడ్డ నేత చూసినట్టు బొటనవేలితో తడిమి పక్కన పడేస్తోంది. కూర్చుంటుంది, లేస్తుంది, మళ్లీ కూర్చుంటుంది.

“వచ్చినప్పుడల్లా ఇవే చూస్తారు. అన్నీ ఒక్కలాంటివే కదండీ. ఏం వెతుకుతున్నారసలు?”

“ఏదైనా ఒకటి తేడాగా ఉంటుందేమోనని.”

అతను విసుగ్గా సొరుగు లాగి చిన్న పెట్టె తీశాడు. “ఇది చూడ్డానికే, అమ్మడానికి కాదు. అచ్చులో జిడ్డు పేరుకుని, ఆనకట్ట వెనక నీటి అలలు పడలేదు. టంకశాల పొరపాటు. నాణేలు సేకరించేవాళ్లు దీనికోసం ఎగబడుతున్నారు.”

ఆవిడ కదలడం మానేసింది. నాణెం మీద ఆనకట్ట ఉంది. దూరంగా కొండ ఉంది. మధ్యలో నున్నగా, ఖాళీగా నేల.

“నీళ్లింకా రాలేదు,” అంది మెల్లగా.

“ఏమిటండీ?”

“ఈ కొండ కిందే మా వీధి, బాబూ. మునిగిపోతుందని తెలిసి కూడా మా అమ్మ ఇంటికి తాళం వేసి మరీ వచ్చింది.”

ఆవిడ బొటనవేలు ఆ ఖాళీ దాకా వెళ్లింది. అంతలో అతని మాట గుర్తొచ్చినట్టుంది, గాల్లోనే ఆగిపోయింది.

వ్యాపారి పెట్టెను ఆవిడ ముందుకు జరిపాడు.

“ఫరవాలేదు పిన్నీ. వేలు పెట్టు.”